ధాన్యపు గదిలో ఫాస్ఫీన్: శ్వాస ద్వారా కలిగే తక్షణ విషత్వాన్ని అంచనా వేయడం ఎలా?

నిల్వ ధాన్యాన్ని ముక్క పురుగు, నుసి పురుగు, పెంకు పురుగుల నుండి, అపరాలను పుచ్చు పురుగు నుండి కాపాడడానికి అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ళలతో ఊదర పెట్టడం మన గోదాములలో దశాబ్దాలుగా సాగుతున్న పద్ధతి. బిళ్ళ నుండి వెలువడే ఫాస్ఫీన్ వాయువు బస్తాల మధ్యకే కాక గింజ లోపలికి కూడా చొచ్చుకొనిపోతుంది. తగినంత గాఢతలో, తగినన్ని రోజులు నిలిపితే పురుగు యొక్క అన్ని దశలనూ చంపుతుంది. గాలి సోకిన తరువాత గింజపై మిగిలే అవశేషం అతి స్వల్పం. ఈ సుగుణాల వలననే ఇది ఇంత విస్తృతంగా వాడుకలోకి వచ్చింది.

ఇదే వాయువు మనిషి శ్వాసలోకి చేరితే ఎంత గాఢత, ఎంతసేపటికి ప్రాణాపాయం కలిగిస్తుంది? విస్తరణ శాస్త్రవేత్తలు గోదాము సిబ్బంది నుండీ రైతు కుటుంబాల నుండీ ఎదుర్కొనే ప్రశ్న ఇది. పుస్తకాలలో దీనికి సాధారణంగా ఒకే ఒక అంకె సమాధానంగా కనిపిస్తుంది: ఎలుకలలో 4 గంటలకు సగం మారక గాఢత, అనగా ఎల్‌సీ50 విలువ, సుమారు 11 పీపీఎం. ఈ అంకె ఒక విషాన్ని మరొక విషంతో పోల్చడానికి పనికివస్తుంది. ఒక ఇంటిలో నిద్రించే మనిషికి ఏది క్షేమమో చెప్పడానికి పనికిరాదు. ఈ రెండింటికీ నడుమనున్న దూరాన్ని ఎలా దాటాలో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

వాయువు స్వభావం

మార్కెట్లో లభించే 3 గ్రాముల బిళ్ళలో 56 శాతం అల్యూమినియం ఫాస్ఫైడ్ ఉంటుంది. గాలిలోని తేమ తగలగానే ఇది చర్య పొంది సుమారు 1 గ్రాము ఫాస్ఫీన్‌ను విడుదల చేస్తుంది. చివరకు బూడిద రంగు పొడి మిగులుతుంది. తేమ, ఉష్ణోగ్రతలను బట్టి ఈ విడుదల ఒకటి రెండు రోజులలో ముగియవచ్చు, చల్లని పొడి వాతావరణంలో ఇంకా ఎక్కువ కాలం పట్టవచ్చు. ఫాస్ఫీన్ గాలి కంటే కొద్దిగా మాత్రమే బరువైనది (సాపేక్ష సాంద్రత సుమారు 1.2). అందువలన అది నేలపైనే పేరుకొని ఉండిపోదు. గాలితో కలిసి గది అంతటా వ్యాపిస్తుంది, గోడ పగుళ్ళ ద్వారా, తలుపు సందుల ద్వారా పక్క గదికీ చేరుతుంది.

ఊపిరితిత్తుల ద్వారా రక్తంలోకి చేరిన ఫాస్ఫీన్, కణాలలోని మైటోకాండ్రియాలో సైటోక్రోమ్ ఆక్సిడేజ్ ఎంజైమును అడ్డుకొంటుంది. ఆక్సిజన్ అందుతున్నా కణం దానిని వినియోగించుకోలేని స్థితి ఏర్పడుతుంది. అధిక శక్తి అవసరమయ్యే గుండె, మెదడు వంటి అవయవాలు ముందుగా దెబ్బతింటాయి. తలనొప్పి, వికారం, వాంతులు, ఛాతీ బిగుతు, దగ్గు, ఆయాసం మొదటి లక్షణాలు. ఊపిరితిత్తులలో నీరు చేరడం కొన్ని గంటలు ఆలస్యంగా బయటపడవచ్చు. దీనికి ప్రత్యేకమైన విరుగుడు లేదు. చికిత్స అంతా లక్షణాలను బట్టి, ప్రాణాధార చర్యల రూపంలోనే సాగుతుంది.

శ్వాస మార్గం ఎందుకు వేరు?

పురుగుమందు డబ్బాపై ఉండే త్రికోణపు రంగును చూసి విషతీవ్రతను గుర్తించమని మనం రైతులకు బోధిస్తాము. 1971 నాటి కీటకనాశినుల నియమాలలో ఆ రంగును నిర్ణయించే పట్టికకు ఆధారం నోటి ద్వారా, చర్మం ద్వారా కలిగే విషత్వపు ఎల్‌డీ50 విలువలు. పిచికారీ మందులకు ఇది సరిపోవచ్చు. అయితే బిళ్ళ రూపంలో కొని, వాయువు రూపంలో వాడే పదార్థం విషయంలో అసలు ప్రమాదమార్గం శ్వాస. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా తన పురుగుమందుల వర్గీకరణలో ఊదర మందులను మామూలు తరగతులలో చేర్చక వేరుగా జాబితా చేసింది. ఆ వర్గీకరణలో గాలిలోని గాఢతకు కొలబద్దలు లేకపోవడమే దీనికి కారణం.

నోటి ద్వారా తీసుకొన్న మోతాదును శరీర బరువుకు ఇన్ని మిల్లీగ్రాములని తూచి చెప్పవచ్చు. శ్వాసలో అలా వీలుకాదు. మనిషి లోపలికి చేరే విషం గాలిలోని గాఢత, గడిపిన కాలం, ఊపిరి వేగం అనే మూడింటిపై ఆధారపడి ఉంటుంది. బస్తాలు మోసే కూలీ విశ్రాంతిలో ఉన్న మనిషి కంటే ఎన్నో రెట్లు ఎక్కువ గాలి పీలుస్తాడు. పసిపిల్లలు తమ బరువుతో పోల్చితే పెద్దల కంటే ఎక్కువ గాలి పీలుస్తారు. కాబట్టి కాలాన్ని చెప్పకుండా గాఢతను మాత్రమే చెప్పే ఏ అంకె అయినా అసంపూర్ణమే.

ప్రయోగశాలలో జరిగేది

శ్వాస ద్వారా కలిగే తక్షణ విషత్వాన్ని పరీక్షించడానికి ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ (ఓఈసీడీ) 1981లో 403వ మార్గదర్శకాన్ని వెలువరించి, 2009లో సవరించింది. దీని ప్రకారం సాధారణంగా యుక్తవయసు ఎలుకలను 4 గంటల పాటు వాయువుకు గురిచేసి, తరువాత 14 రోజులు పరిశీలిస్తారు. లక్షణాలు, బరువులో మార్పు, మరణాలు నమోదు చేస్తారు. చివరన అన్ని జంతువుల అవయవాలనూ పరీక్షిస్తారు. ఎల్‌సీ50 అనగా గురిచేసిన జంతువులలో సగం మరణిస్తాయని గణాంక పద్ధతిలో అంచనా వేసిన గాఢత. ఏ ఒక్క ఎలుకకూ చెందిన విలువ కాదది.

ఈ పరీక్షలో అత్యంత కఠినమైన భాగం జంతువుల పరిశీలన కాదు, గాలిలోని గాఢతను నిలకడగా ఉంచడం. వాయువుల విషయంలో పరీక్ష గదిలోని ఒక్కొక్క నమూనా సగటు నుండి 10 శాతానికి మించి తేడా చూపరాదు. ఆక్సిజన్ కనీసం 19 శాతం ఉండాలి, లేనిచో మరణానికి విషం కారణమో, ప్రాణవాయువు కొరత కారణమో తేలదు. ఎంత వాయువును లోపలికి పంపామన్న లెక్క చాలదు. ముక్కు దగ్గర ఎంత ఉన్నదో విశ్లేషణ పరికరంతో కొలవాలి. పంపిన దానికీ కొలిచిన దానికీ తేడా ఉండడం సర్వసాధారణం.

మరొక ముఖ్యాంశం సమతాస్థితి. వాయువును స్థిరమైన వేగంతో పంపినప్పటికీ గాఢత వెంటనే పూర్తిస్థాయికి చేరదు. గది ఘనపరిమాణాన్ని గంటకు ప్రవహించే గాలి పరిమాణంతో భాగించి 3తో గుణిస్తే, తుది గాఢతలో 95 శాతానికి చేరడానికి పట్టే కాలం వస్తుంది. ప్రయోగశాలలో గాలి ప్రవాహం వేగంగా ఉండడం వలన ఈ కాలం నిమిషాలలోనే ఉంటుంది. ఈ సూత్రాన్ని విద్యార్థులు గుర్తుంచుకోవాలి, రైతు ఇంటి విషయంలో దీని అవసరం మళ్ళీ కలుగుతుంది.

జంతువుల సంఖ్యను, వాటి బాధను తగ్గించే దిశగా మరి రెండు పద్ధతులు వచ్చాయి. 2009లో వెలువడిన 436వ మార్గదర్శకం నిర్దిష్ట విలువ కొరకు వెతకక, పదార్థం ఏ తరగతికి చెందునో దశలవారీగా కొద్ది జంతువులతో తేల్చుతుంది. 2017 నాటి 433వ మార్గదర్శకం మరణానికి బదులు స్పష్టమైన విష లక్షణాలనే గీటురాయిగా తీసుకొంటుంది. మన దేశంలో ఇటువంటి ప్రయోగాలకు సంస్థాగత జంతు నైతిక సంఘం అనుమతి తప్పనిసరి.

ఐక్యరాజ్యసమితి రూపొందించిన జీహెచ్‌ఎస్ వర్గీకరణలో 4 గంటల విలువ 100 పీపీఎం లేదా అంతకు తక్కువైన వాయువు మొదటి తరగతి, అనగా అత్యంత ప్రమాదకర వర్గం. 500 వరకు రెండవది, 2,500 వరకు మూడవది, 20,000 వరకు నాల్గవది. ఫాస్ఫీన్ విలువ మొదటి తరగతి హద్దులో తొమ్మిదవ వంతు మాత్రమే.

ఒకే వాయువు, పొందిక లేని ఫలితాలు

11 పీపీఎం అనే విలువ మగ ఎలుకలపై జరిపి 1975లో ప్రచురించిన అధ్యయనం నుండి వచ్చింది. గాఢతను కాలంతో గుణిస్తే ఇది 44 పీపీఎం-గంటలు. తరువాతి కాలపు మరొక ఎలుకల ప్రయోగంలో 18 పీపీఎం గాఢతకు 6 గంటలు, అనగా 108 పీపీఎం-గంటలు గురిచేసినా మరణాలు సంభవించలేదు. మొదటి లెక్క ప్రకారం సగానికి పైగా చనిపోవలసిన చోట ఒక్కటీ చనిపోలేదు.

దీనిని బట్టి ఒక ప్రయోగం తప్పని తీర్మానించనవసరం లేదు. ఎలుకల జాతి, లింగం, వయసు, గాఢతను కొలిచిన విధానం, పరీక్ష గది నిర్మాణం, వాయువు స్వచ్ఛత మారితే ఫలితం మారుతుంది. ఎల్‌సీ50 అన్నది నీటి మరుగు స్థానం వంటి ప్రకృతి స్థిరాంకం కాదు, నిర్దిష్ట పరిస్థితులలో లభించిన అంచనా. అందుచేత ఈ విలువను ఉదహరించేటప్పుడు జంతువు, కాలం, కొలత విధానం మూడూ చెప్పాలి. గాఢతకూ మరణాలకూ సంబంధించిన రేఖ వాలు కూడా చూడాలి. వాలు నిటారుగా ఉన్న వాయువు విషయంలో ఎవరికీ హాని చేయని గాఢతకూ అనేకులను చంపే గాఢతకూ మధ్య ఎడం చాలా తక్కువ.

గాఢత, కాలం, మనిషి

ఒక కాలానికి లభించిన విలువను మరొక కాలానికి మార్చడానికి జర్మన్ రసాయన శాస్త్రవేత్త ఫ్రిట్జ్ హేబర్ పేరుతో ప్రసిద్ధమైన సూత్రం ఉన్నది: గాఢతను కాలంతో గుణించగా వచ్చే లబ్ధం సమానమైతే ప్రభావమూ సమానం. అన్ని వాయువులూ దీనికి లోబడవని 1986లో టెన్ బెర్గే, ఆయన సహచరులు చూపారు. గాఢతకు ఒక ఘాతాంకం చేర్చాలని వారి ప్రతిపాదన. అమ్మోనియాకు ఆ ఘాతాంకం సుమారు 2. అంటే గాఢత రెట్టింపైతే అదే హానికి నాల్గవ వంతు కాలం చాలును. ఫాస్ఫీన్ ప్రమాద స్థాయిల గణనలో ఘాతాంకాన్ని 1గా తీసుకొన్నారు. దీని అర్థం విస్తరణ కార్యకర్తలకు ముఖ్యమైనది: స్వల్ప గాఢత అయినా దీర్ఘకాలం కొనసాగితే ప్రమాదం పేరుకొంటుంది. రాత్రంతా నిద్రించే గది ఇందుకు సరైన ఉదాహరణ.

అమెరికాలో ప్రమాద సమయాలలో సామాన్య ప్రజల రక్షణ కొరకు ఏఈజీఎల్ అనే మార్గదర్శక స్థాయిలు రూపొందించారు. రెండవ స్థాయి దాటితే తీవ్రమైన లేదా కోలుకోలేని హాని, మూడవ స్థాయి దాటితే ప్రాణాపాయం సంభవించవచ్చు. ఫాస్ఫీన్ మూడవ స్థాయికి పైన చెప్పిన 108 పీపీఎం-గంటలనే ఆధారంగా తీసుకొన్నారు. ఎలుకకూ మనిషికీ ఉండే తేడా కొరకు 3, మనుషులలో పరస్పర తేడా కొరకు 10, మొత్తం 30తో భాగించారు. ఫలితం 3.6 పీపీఎం-గంటలు. అనగా 1 గంటకు 3.6, 4 గంటలకు 0.90, 8 గంటలకు 0.45 పీపీఎం. రెండవ స్థాయి 8 గంటలకు 0.25 పీపీఎం మాత్రమే.

మనుషుల మధ్య తేడాకు 10 ఎందుకు? పెద్దల కంటే పిల్లలు ఫాస్ఫీన్‌కు త్వరగా లొంగిపోతారని మానవ ప్రమాదాల నివేదికలు సూచించాయి. ధాన్యం మోసుకొనిపోతున్న ఒక ఓడలో జరిగిన ఘటనను 1980లో అమెరికా వైద్య సంఘం పత్రిక ప్రచురించింది. ఊదర వాయువు నివాస భాగాలకు చేరి 31 మంది సిబ్బందిలో 29 మంది, ఇద్దరు పిల్లలు అస్వస్థులయ్యారు. మరణించినది ఒక చిన్నబిడ్డ. సిబ్బంది బతికి బయటపడ్డారు.

అమెరికా వృత్తి భద్రతా సంస్థ కార్మికులకు విధించిన 8 గంటల పరిమితి 0.3 పీపీఎం. ఇది ఏఈజీఎల్ రెండవ స్థాయి కంటే ఎక్కువగా కనిపించడం విద్యార్థులను కలవరపరచవచ్చు. ఇవి వేర్వేరు సంఘాలు, వేర్వేరు కాలాలలో, వేర్వేరు జనాభాను ఉద్దేశించి నిర్ణయించిన విలువలు. ఆరోగ్యవంతుడైన వయోజన కార్మికుని కొరకు నిర్ణయించిన పరిమితిని పసిబిడ్డ నిద్రించే గదికి వర్తింపజేయరాదు.

ఒక గది, ఒక బిళ్ళ

ఇప్పుడు ఈ సూత్రాలను ఇంటికి అన్వయిద్దాం. పొడవు, వెడల్పు, ఎత్తు 3 మీటర్ల చొప్పున ఉన్న గది ఘనపరిమాణం 27 ఘనపు మీటర్లు. ఒక బిళ్ళ నుండి వచ్చే 1 గ్రాము వాయువు ఒకేసారి ఈ గదిలో కలిస్తే ఘనపు మీటరుకు 37 మిల్లీగ్రాములు. 25 డిగ్రీల సెల్సియస్ వద్ద 1 పీపీఎం ఫాస్ఫీన్ ఘనపు మీటరుకు 1.39 మిల్లీగ్రాములకు సమానం కనుక గాఢత సుమారు 27 పీపీఎం.

వాస్తవంలో వాయువు ఒకేసారి వెలువడదు, కొంత బయటికి పోతుంది. కాబట్టి 48 గంటలలో సమానంగా విడుదలవుతుందని, తలుపులు మూసిన గదిలో గంటకు సగం గాలి మారుతుందని అనుకొందాం. గంటకు 20.8 మిల్లీగ్రాముల వాయువు 13.5 ఘనపు మీటర్ల గాలిలో కలుస్తుంది. స్థిరస్థాయి గాఢత ఘనపు మీటరుకు 1.54 మిల్లీగ్రాములు, అనగా సుమారు 1.1 పీపీఎం. ప్రాణాపాయ స్థాయిగా నిర్ణయించిన 8 గంటల విలువ 0.45 పీపీఎంకు ఇది రెండింతలకు మించినది. టన్ను ధాన్యానికి సిఫారసు చేసిన 3 బిళ్ళలను అదే గదిలో కప్పు లేకుండా ఉంచితే గాఢత 3.3 పీపీఎం. అప్పుడు 3.6 పీపీఎం-గంటల హద్దు కొంచెం ఎక్కువగా ఒక గంటలోనే దాటిపోతుంది. హద్దు దాటిన ప్రతివారూ మరణిస్తారని దీని భావం కాదు. పిల్లలు, గర్భిణులు, రోగులు కూడా ఉండే ఇంటిలో ప్రాణభయం లేదని చెప్పగల స్థితి ముగిసిందని భావం.

సమతాస్థితి సూత్రాన్ని ఇక్కడ అన్వయిస్తే, ఈ గదిలో 95 శాతం గాఢతకు చేరడానికి 6 గంటలు పడుతుంది. సాయంత్రం బిళ్ళలు పెట్టి పడుకొనే వేళకు వాసన లేదని, ఇబ్బంది లేదని భావించిన కుటుంబం, అర్ధరాత్రి దాటిన తరువాత అత్యధిక గాఢతలో గాఢనిద్రలో ఉంటుంది.

వాసన కొలమానం కాదు

ఫాస్ఫీన్‌కు వెల్లుల్లి లేదా కుళ్ళిన చేప వాసన ఉంటుందని చెప్పుకొంటారు. ఆ వాసనలో ఎక్కువ భాగం వాయువుతో కలిసి ఉండే మలినాలది. గింజలు ఆ మలినాలను పీల్చుకొంటే వాసన తగ్గుతుంది, వాయువు మిగులుతుంది. వాసన తెలిసే గాఢత మనిషిని బట్టి కూడా మారుతుంది. అందుచేత గోదాములోకి తిరిగి ప్రవేశించే నిర్ణయం డిటెక్టర్ గొట్టం లేదా ఎలక్ట్రానిక్ మీటరు చూపిన కొలతపైనే ఆధారపడాలి. ముఖానికి కట్టుకొన్న గుడ్డ గాని, దుమ్ము మాస్కు గాని ఈ వాయువును ఆపలేదు.

విస్తరణ కార్యక్రమాలలో చెప్పవలసినవి

మన దేశంలో అల్యూమినియం ఫాస్ఫైడ్ పరిమిత వినియోగ జాబితాలో ఉన్నది. ప్రభుత్వ సంస్థలకు, నిపుణుల పర్యవేక్షణలో పనిచేసే పెస్ట్ కంట్రోల్ నిర్వాహకులకు మాత్రమే అమ్మాలన్నది నిబంధన. ఇంటిలో నిల్వ చేసే రైతుకు ఈ బిళ్ళలను ఏ మోతాదులోనూ సిఫారసు చేయరాదు. శిక్షణ తరగతులలో ఈ క్రింది అంశాలను స్పష్టపరచాలి.

1. మనుషులు గాని పశువులు గాని ఉండే ఇంటిలో, దానిని ఆనుకొని ఉన్న గదిలో ఊదర పెట్టరాదు. బయటి గోదాములోనైనా గాలి చొరబడని కప్పు, హెచ్చరిక బోర్డు, తాళం ఉండాలి.

2. ఇంటి నిల్వకు గింజలను బాగా ఎండబెట్టి, గాలి చొరబడని సంచులలో లేదా డబ్బాలలో భద్రపరచాలి. లోపలి ఆక్సిజన్ తగ్గి పురుగు చనిపోతుంది. మనిషికి శ్వాస ప్రమాదం ఉండదు.

3. బిళ్ళలపై, మిగిలిన పొడిపై మూసిన గదిలో నీరు చల్లరాదు. వాయువు ఒక్కసారిగా వెలువడి నిప్పు అంటుకొనే ప్రమాదమూ ఉన్నది.

4. ఒక ఇంటిలో పలువురికి ఒకేసారి వాంతులు, తలనొప్పి, ఆయాసం వస్తే ఆహారం వికటించిందని భావించే ముందు ధాన్యంలో బిళ్ళలు పెట్టారేమో విచారించాలి. అందరినీ ఆరుబయటికి చేర్చి, వెంటనే ఆసుపత్రికి తరలించాలి. బిళ్ళల సంగతి వైద్యునికి చెప్పాలి. లక్షణాలు తగ్గినట్లు కనిపించినా వైద్య పర్యవేక్షణ అవసరం.

5. ఊదర పెట్టే సిబ్బందికి శిక్షణ ఇచ్చేటప్పుడు బిళ్ళల సంఖ్యతో పాటు గది ఘనపరిమాణం, గాలి మార్పిడి, గడిపే కాలం లెక్కించడం నేర్పాలి. పైన చూపిన లెక్కకు పెన్సిలు, కాగితం చాలును.

వ్యవసాయ కళాశాలలలో కీటకశాస్త్రం చదివే విద్యార్థి పురుగును చంపడానికి ఎంత ఫాస్ఫీన్, ఎన్ని రోజులు కావాలో నేర్చుకొంటాడు. ఆ పాఠం పక్కనే మనిషికి హాని కలుగకుండా ఎంత, ఎంతసేపు అన్న పాఠమూ ఉండాలి. రెండింటికీ కావలసిన గణితం ఒక్కటే: గాఢత, కాలం, ఘనపరిమాణం. ఎల్‌సీ50ను కంఠస్థం చేసిన విద్యార్థికి ఆ మూడింటితో ఒక గదిని లెక్కకట్టడం కూడా వచ్చిన నాడే, ఆ అంకె రైతు కుటుంబానికి రక్షణగా ఉపయోగపడుతుంది.